కోటయ్యన్నకొచ్చిన కప్పు

మా నరసరావుపేట వక్తృత్వ సంఘంలో అంతా ప్లీడర్లు, పంతుళ్ళు, పత్తి వ్యాపారుల కొడుకులు. ఆదివారం సాయంత్రం రీడింగ్ రూములో చేరతారు. అక్కడ ఊడ్చేదీ టీలు అందించేదీ నేనే, హజ్రా బీని. వాళ్ళ ఉపన్యాసాలు వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. శ్రమ గొప్పదంటారు, తాగిన గ్లాసు మాత్రం ఒక్కడూ తీసి పక్కన పెట్టడు.

అట్టాంటి చోటికి మా వీధి పెదకోటయ్యన్న వచ్చి చేరాడు. క్వారీలో డ్రిల్లు మిషనుతో రాయి తొలిచిన మనిషి. ఆ పొడి పీల్చీ పీల్చీ రొమ్ము పాడైంది. ఇక బాగుకాదని డాక్టరు చెప్పేశాడు. ఆయన మిషను కొడుకు మస్తానయ్య చేతికొచ్చింది.

"నేనెట్టాగూ పోయేవాణ్ణే హజ్రమ్మా. తొలిచేటప్పుడు నీళ్ళు కొడితే పొడి లేవదు. ఆ మాట పెద్దాఫీసరు చెవినేస్తే వాడన్నా బతుకుతాడు" అనేవాడు. కార్మిక శాఖ ఆఫీసుకు పోతే గుమాస్తా ముందు నోరు పెగల్లేదంట, బయటికి తోలేశారు. అందుకని మాట్లాడటం నేర్చుకుందామని వచ్చాడు. సెక్రటరీ ప్రభుదాసు మాస్టారు మంచోడు, కాదనకుండా చేర్చుకున్నాడు.

ఒక ఆదివారం కార్మిక శాఖ ఆఫీసరు సభకు అతిథిగా వచ్చాడు. ముందు ఒక కుర్రాడు గద పట్టుకుని రాజుగారి ఏకపాత్రాభినయం చేశాడు. తర్వాత కోటయ్యన్న లేచాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు పాపం.

"అయ్యా" అన్నాడు, ఆగాడు. "మా క్వారీలో..." మళ్ళీ ఆగాడు. ఎగశ్వాస. బల్ల పట్టుకున్నాడు. నేను నీళ్ళ గ్లాసు తీసుకుని పోబోతే, "మాట్లాడేవాళ్ళ మధ్యకు పోకూడదమ్మా, నియమం" అని ఒకాయన గదమాయించాడు. వాళ్ళ నియమం మీద మన్నుబొయ్య! అయినా అన్న వదల్లేదు. "నేను పోతానయ్యా... నా కొడుకు కూడా... అదే పొడి పీలుస్తన్నాడు... నీళ్ళు కొట్టించండయ్యా" అని చివరిదాకా చెప్పాడు.

హాలంతా చప్పట్లు. ఉపన్యాసాల బాగోగులు చెప్పే పని ఆరోజు ప్లీడరు అంకారావుది. అన్న ఏం పని చేసేవాడో ఆయన ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. "ఆ విరామాలు చూశారా! ఆ ఆయాసం చూశారా! ఏకపాత్ర అంటే ఇదీ! క్వారీ కూలీని కళ్ళకు కట్టించాడు" అన్నాడు. ఆఫీసరు కళ్ళు తుడుచుకుని ఆరోజు బహుమతి కప్పు అన్నకే ఇచ్చాడు. "ఏం నటనయ్యా!" అని భుజం తట్టాడు.

ప్రభుదాసు మాస్టారు జీపు దాకా పరిగెత్తాడు. "సార్, అది నటన కాదు, ఆయన సొంత గోడు!"

"అట్లాగా? ఆఫీసుకొచ్చి అర్జీ పెట్టుకోమనండి" అన్నాడు ఆఫీసరు. జీపు పోయింది.

ఇంటికి నడుస్తా, "నేను సరిగ్గా చెప్పలేదా హజ్రమ్మా?" అని అడిగాడు అన్న.

"చానా బాగా చెప్పావన్నా" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. ఇప్పుడు మస్తానయ్య దగ్గు గోడవతల నుంచి నాకు వినపడతది. నిన్న ఉండబట్టలేక పోయి, "ఒరేయ్, నువ్వన్నా పోయి ఆ ఆఫీసరుకు చెప్పరా" అన్నాను.

"మా నాయన అంత బాగా చెబితేనే ఏమీ కాలేదు. నాకసలు మాట్లాడటమే రాదత్తా" అన్నాడు.