కాన్వాయ్ తప్పని కారు దొంగ

మా ఆయన ఈ దీవుల్లో రంగత్ ఊరికి వెళ్లే బస్సు నడిపేవారు. షుగరు ముదిరి, కిందటి వర్షాకాలంలో కుడికాలు తీసేశారు. అప్పట్నుంచి డిగ్నాబాద్‌లోని మా ఇంట్లో గోడ చూస్తూ కూర్చుంటున్నారని, ఈ రోజు మా అమ్మాయి తన వీడియో గేమ్ టీవీకి తగిలించి ఇచ్చింది. కార్లు దొంగిలించడం, కనిపించినవాటిని గుద్దెయ్యడం, పోలీసుల్ని ఏడిపించడం, అదీ ఆట.

ఈయన సిగ్గుపడుతూనే ఓ ఎర్ర కారు దొంగిలించారు. తర్వాత ముందున్న లారీ వెనకే బుద్ధిగా నడిపారు.

"పప్పా, ఓవర్‌టేక్ కరో నా. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు," అంది అమ్మాయి.

"కాన్వాయ్‌లో ఓవర్‌టేక్ ఏంటి బేటీ, లైసెన్సు పోద్ది," అన్నారు.

ఇన్నేళ్లూ ఆదివాసులుండే అడవి దారిలో పోలీసు బండి వెనక వరసగా, ఎవర్నీ దాటకుండా, ఎక్కడా ఆగకుండా నడిపిన మనిషి మరి. నాకు నవ్వొచ్చింది.

కాసేపటికి కారు పక్కన ఆపి, ఆటలోని మనిషిని కిందికి దింపారు. సముద్రం ఒడ్డున అతన్ని అలా నడిపిస్తూనే ఉన్నారు. నేనిచ్చిన టీ చల్లారిపోయింది.

ఆ ఆటలోని ఊళ్లో ఏదైనా దోచుకోవచ్చట. మా ఆయన దోచుకున్నది ఆ నడకే. మీ ఇళ్లలో ఆడేవాళ్లు ఏం దోచుకుంటున్నారో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా?