రోడ్డు మీద టిఫిన్ డబ్బా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను భద్రాచలం అడవి పల్లెల్లో మలేరియా విభాగంలో పనిచేశాను. అక్కడ ఒక గూడెంలో అంగన్‌వాడీ టీచరమ్మ ఉండేది. భారీ మనిషి. బస్సు దిగి, వాగు దాటి రోజూ నడిచే వచ్చేది. తెల్లవారకముందే వ్యాయామం చేసేది. అన్నం మానేసి ఏళ్లయింది. అయినా ఒళ్లు తగ్గలేదు. "గాలి పీల్చినా ఒంటికి పడ్తది సార్" అని తనే నవ్వేది.

ఒకసారి మండల సమావేశంలో, ఆ గూడెం పిల్లల బరువులు తక్కువగా ఉన్నాయని పై అధికారి ఆమెను నిలబెట్టాడు.

"పోరగాళ్లేమో పుల్లల్లెక్క ఉన్నరు. నువ్వేంది గిట్లున్నవ్? వాళ్లకిచ్చే పిండి అంత నువ్వే బుక్కుతున్నవా?"

హాలంతా నవ్వింది. తోటి టీచర్లు కొంగులు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు.

"పిల్లలకు మలేరియా సార్, రిపోర్టులు మీకిచ్చిన" అని నేను లేచి అన్నాను.

"నువ్ కూసోవయ్యా" అన్నాడు, ఇంకా నవ్వుతూనే.

ఆమె "లేదు సార్" అని మాత్రం అంది.

ఆ తర్వాత ఆమె అంగన్‌వాడీలో భోజనం చేయడం మానేసింది. ఎర్రటి ఎండలో, గూడెం రోడ్డు పక్కన అందరికీ కనబడేలా కూర్చుని తినేది. ఒకరోజు నేను అటు వెళ్తుంటే, పలకరించకముందే డబ్బా వంచి చూపించింది.

"సూడుండ్రి సార్. జొన్నరొట్టె, తోటకూర. గంతే."

ఆనాడు నవ్విన ముఖాలన్నీ నాకు గుర్తొచ్చాయి.

"నాకెందుకమ్మా చూపిస్తవ్?"

"అలవాటైంది సార్" అంటూ, అడుగున ఇంకేమీ లేదని రొట్టె కూడా ఎత్తి చూపించింది.