వెనక్కి చూడని తిమ్మన్న

తిమ్మప్పది అనంతపురం జిల్లా రాయదుర్గం. ఉద్యోగం హైదరాబాదు రాయదుర్గంలో. రాయదుర్గంలో బస్సెక్కి రాయదుర్గంలోనే దిగినాను, ఇంత చిన్న ప్రయాణానికి సగం వయసు అయిపోయింది అని కొత్తగా పరిచయమైనవాళ్లకు చెప్పేవాడు. వాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. నవ్వినప్పుడు అతని తల మాత్రం కదిలేది కాదు.

బండిని అతను వెతికి వెతికి ఎంచుకున్నాడు. పెళ్లికి ముందు, కొండాపూర్ షోరూములన్నీ తిరిగిన రోజులవి. సేల్స్‌వాళ్లు ఇంజను గురించీ మైలేజీ గురించీ చెబుతుంటే వినేవాడు కాదు. ప్రతి బండి మీదా ఎక్కి కూర్చుని కళ్లు మూసుకునేవాడు. చివరికి ఒకటి దొరికింది. పొడవాటి ట్యాంకు, దానికి ఆ చివర కిందికి దించి పెట్టిన పొట్టి హ్యాండిల్. దాని మీద కూర్చోవడమంటే వాలడమే. ఛాతీ ట్యాంకుకు ఆనుతుంది. గాలి వీపు మీదుగా జారిపోతుంది. అప్పట్లో అతని నడుము ఎటు వంచితే అటు వంగేది.

మొదట ఉదయాలు పోయాయి. నిద్ర లేచాక మంచం దిగడానికి పక్కకు దొర్లి గోడ పట్టుకోవలసి వచ్చేది. వేడినీళ్లు పడితే గానీ ఒళ్లు తనది కాదు. ఆఫీసు కుర్చీని తిట్టుకున్నాడు. కుర్చీ మార్చాడు, పరుపు మార్చాడు. ఆఖరుకు గచ్చిబౌలిలో ఒక డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూపించాడు. వెన్నుపూసల మధ్య ఉండవలసిన సందులు పూడిపోతున్నాయి. ఎముక ఎముకతో అతుక్కుంటోంది. మెడ దగ్గర కూడా మొదలైంది. పోనుపోను వెన్నంతా వెదురుబొంగులాగా ఒకే ముక్క అవుతుంది. సూదిమందు దాని వేగాన్ని తగ్గిస్తుంది, పోయినదాన్ని తెచ్చివ్వదు.

"బండి మానేయండి. అందరూ పడితే దెబ్బ తగులుతుంది. మీరు పడితే మెడ విరుగుతుంది" అన్నాడు డాక్టరు.

తిమ్మప్ప బండి మానలేదు. బండిని మార్చాడు.

హఫీజ్‌పేటలో రైలుకట్ట దగ్గర మొగిలి అనే మెకానిక్‌కు షెడ్డు ఉంది. వరంగల్ వైపు మనిషి. వెల్డింగూ రంగూ తోలుసీటూ అన్నీ అక్కడే. తిమ్మప్ప మొదటిసారి వెళ్లి హ్యాండిల్ కాస్త ఎత్తాలన్నాడు. మరుసటి ఏడు ఇంకాస్త ఎత్తి, వెనక్కి లాగాలన్నాడు. తర్వాత సీటు తొలిపించి ముందుకు జరిపించాడు. కాళ్లు పెట్టుకునే కడ్డీలు మార్పించాడు. ఇక అద్దాలు. ఉన్నవి తీయించి పెద్దవి పెట్టించాడు. హ్యాండిల్ కొసలకు చెరొకటి గుండ్రటివి తగిలించాడు. వాటి అంచుల్లో పక్కలు కూడా కనపడేలా ఉబ్బెత్తు అద్దపు బిళ్లలు అతికించాడు. ప్రతిసారీ అది తన సరదా అన్నట్టే చెప్పాడు.

"ఇంకో రెండద్దాలు పెడితే ఇగ సెలూన్ తెర్వొచ్చు సార్" అన్నాడు మొగిలి.

ఊరు కూడా అతని మీద పగబట్టినట్టే మారింది. ఐటీ కారిడారులో కూడళ్ల దగ్గర సిగ్నళ్లు తీసేసి యూటర్నులు పెట్టారు. యూటర్ను తీసుకోవాలంటే ఎడమ భుజం మీదుగా వెనక్కి చూడాలి, వచ్చే బండ్లు అటు నుంచే వస్తాయి. తిమ్మప్ప దారులు మార్చుకున్నాడు. నల్లగండ్లలోని ఇంటి నుంచి ఆఫీసుకు ఎడమవైపు మలుపులతోనే వెళ్లే దారి ఒకటి కనిపెట్టాడు. దూరం రెట్టింపు. ఊరంతా అప్రదక్షిణం చేసి పోతాడు మా ఆయన, దేవుడు ఇంకేం పలుకుతాడు అనేది భార్య భార్గవి. ఆమెకు అంతా తెలుసు. మొదట్లో కొట్లాడింది. తాళం చెవులు దాచింది. ఒకరోజు తనే తెచ్చి చేతిలో పెట్టింది.

"నువ్వు పడితే నిన్ను ఎట్ల లేపాలో కూడా నాకు తెలీదు. ఎట్ల పట్టుకున్నా తప్పే అంట, చదివినా" అంది.

 బండి మీద ఉన్నంతసేపూ తన ఒంటికి ఏమీ కానట్టు ఉంటుందని చెప్పాలనుకున్నాడు.  తాళం తీసుకుని వెళ్లాడు.

ఆదివారాలు కోకాపేటలో ఔటర్ రింగురోడ్డు కింద బండ్లు చేరేవి. పదిమంది దాకా సాఫ్ట్‌వేరువాళ్లు. చాయ్ తాగి, శంకర్‌పల్లి మీదుగా అనంతగిరి కొండల దాకా వెళ్లి, టిఫిను తిని వచ్చేవారు. తిమ్మప్ప ఎప్పుడూ ముందు బండి. వెనక ఉండేవాడు అందరినీ కనిపెట్టుకోవాలి, పక్కకు చూడాలి, తిరగాలి. ముందువాడికి ఎదురుగా ఉన్న రోడ్డు చాలు. ఇది అతని లెక్క. వాళ్ల కంటికి మరోలా కనబడింది. నిటారుగా కూర్చుంటాడు, మెడ తిప్పడు, వెనక ఎవరు వచ్చారో రాలేదో చూడడు, ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి ఊపుతాడు. తిమ్మన్న వెనక్కి చూడడు అని చెప్పుకునేవారు, రాజసం అన్నట్టు.

వాళ్లలో భరత్ చిన్నవాడు. కడప వైపు నుంచి వచ్చాడు. కొత్త బండి కొన్న నెలకే మొగిలి షెడ్డుకు వెళ్లి, తిమ్మన్న బండికి ఉన్నవన్నీ తన బండికీ పెట్టమన్నాడు. ఎత్తు హ్యాండిల్, తొలిచిన సీటు, కొసలకు గుండ్రటి అద్దాలు. ఆ ఆదివారం తెచ్చి పక్కన నిలబెట్టాడు. రెండు బండ్లూ కవలల్లా ఉన్నాయి. అందరూ ఫోటోలు తీశారు. తన రోగం ఎక్స్‌రేలో కాక ఎండలో, రంగు వేసి నిలబెట్టి ఉన్నట్టు అనిపించింది తిమ్మప్పకు. బాగుందప్పా అన్నాడు.

వానలు వెనకబట్టిన ఒక ఆదివారం, తిరుగుదారిలో ముందు బండిగా తనను పోనిమ్మని భరత్ అడిగాడు. తిమ్మప్ప ఒప్పుకుని అతని వెనక వచ్చాడు. చాలాసేపు తన వీపునే తను చూస్తున్నట్టు ఉంది. కుర్రవాడు నిటారుగా కూర్చున్నాడు. చెయ్యి అలాగే ఎత్తి ఊపుతున్నాడు. నార్సింగి దగ్గర యూటర్ను వచ్చింది. తిమ్మప్ప రోజూ తప్పించుకునే మలుపు అది. ముందున్నవాడు పోతుంటే ఆగలేక వెంట వచ్చాడు. భరత్ వేగం తగ్గించాడు, అద్దంలోకి ఒక చూపు పారేశాడు, మెడ తిప్పకుండానే బండిని తిప్పాడు.

నీళ్ల ట్యాంకరు హారనూ బ్రేకూ ఒకేసారి మోగాయి. ట్యాంకరు భరత్ బండిని రాసుకుంటూ పోయింది. ఎడమ కొసన ఉన్న అద్దం ముక్కలై రోడ్డు మీద పడింది. బండి ఊగింది, పడలేదు. డ్రైవరు తల బయటపెట్టి వాళ్ల అమ్మానాన్నలను తలుచుకుని వెళ్లిపోయాడు.

పక్కన ఆపి హెల్మెట్లు తీశారు. భరత్ నవ్వుతున్నాడు. 

"ఎందుకు తిరిగి చూళ్లేదు?" అన్నాడు తిమ్మప్ప.

"మీరు చూడరు కదన్నా."

మిగతావాళ్లు నవ్వారు.  ఒక మాట చెబితే బండి పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో ఇప్పుడే చూశాడు.

"చూడకపోవడం కాదప్పా. నా మెడ తిరగదు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. భరత్‌ను దగ్గరకు రమ్మన్నాడు. రెండు చేతులతో తన తలను పట్టుకుని మెల్లగా పక్కకు తిప్పమన్నాడు. భరత్ మొహమాటంగా పట్టుకున్నాడు. కొంచెం తిప్పాడు. తల తిరగలేదు. భుజాలూ నడుమూ కాళ్లూ కలిసి మనిషంతా తిరిగాడు, గుడిలో రాతి స్తంభాన్ని కదిపినట్టు. భరత్ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"మొన్న ఘాటులో నేను మీ ఎడమపక్కకు వచ్చినా. అప్పుడు?"

"కనపళ్లేదు."

"చెయ్యి ఊపినారు కదా."

"ఎప్పుడూ ఊపుతాంటి. ఎవరన్నా ఉంటారేమో అని."

భరత్ విరిగిన అద్దం ముక్కల్ని బూటుతో రోడ్డు పక్కకు తోస్తూ నిలబడ్డాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అన్నా, వచ్చే వారం నుంచి కారు కూడా తెస్తాం, మీరు కారులో రండి అని ఒకరు అన్నారు. ఆ మాటలో జాలి ఎంతుందో అంత మర్యాద ఉంది. తిమ్మప్ప చూద్దాంలే అన్నాడు. తర్వాత ఆదివారం అతను వెళ్లలేదు. వాళ్లు ఫోను చేశారు. మూడో ఆదివారం చేయలేదు.

బండి అమ్మేద్దామని మొగిలి దగ్గర పెట్టాడు. చూడటానికి వచ్చినవాళ్లు ఎక్కి కూర్చుని, ఏదో తేడాగా ఉందని దిగిపోయారు.

"గిది మీ ఒంటికి కుట్టిన అంగీ సార్. ఇంకొకనికి పట్టది. మల్ల ఎన్కటి లెక్క చేస్తెనే పోతది" అన్నాడు మొగిలి.

చెయ్యమన్నాడు తిమ్మప్ప. స్టూలు మీద కూర్చుని చూశాడు. అద్దాలు పోయాయి. సీటు వెనక్కి వెళ్లింది. కాళ్ల కడ్డీలు పాతచోటికి చేరాయి. పాత హ్యాండిల్ అటకమీద దుమ్ముపట్టి ఉంటే మొగిలి తుడిచి బిగించాడు. సాయంత్రానికి షోరూములో చూసినప్పటి బండి అక్కడ నిలబడి ఉంది. పొడవాటి ట్యాంకు, దానికి ఆ చివర పొట్టి హ్యాండిల్. ఇన్నేళ్లలో తను ఎంత మారాడో అతనికి తెలియలేదు, తనతోపాటు బండి కూడా మారుతూ వచ్చింది కనక.

"ఒక్కపారి కూసోండి సార్, సరిగుందా సూద్దాం" అన్నాడు మొగిలి.

తిమ్మప్ప కాలు తిప్పలేక, మొగిలి భుజం పట్టుకుని ఎక్కాడు. కూర్చుని చేతులు చాపాడు. వాలబోయాడు. ఒళ్లు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. వేళ్ల కొసలు హ్యాండిల్‌కు తగిలాయి గానీ పిడికిలి పడలేదు.

"జర ముంగట్కి జరుగుండ్రి సార్" అన్నాడు మొగిలి. ఇంకా అర్థం కాక, హ్యాండిల్ వంక చూశాడు. తర్వాత అతని వంక చూశాడు.

తిమ్మప్ప చేతులు అలాగే చాచి ఉన్నాడు.