నాలుగు సెకన్ల రాయి

నేను పదో తరగతి ప్రీఫైనల్ల ఫిజిక్స్ ఫెయిలైన. గీ ముచ్చట నేనెన్నడు దాచుకోలే. ఎవలన్న అడిగితే చెప్త, అడగకున్నా చెప్త. యాభైకి పదహారొచ్చినయి. పద్దెనిమిదొస్తే పాసు. మార్చిల అసలు పరీక్ష మంచిగనే పాసైన గని, దాని గురించి నాకు చెప్పబుద్ధి గాదు. గా పదహారు గురించే చెప్పబుద్ధైతది, ఎందుకంటే అవి నేను కావాల్నని తెచ్చుకున్న మార్కులు.

తొంబైల నడిమి సంగతి. మా ఊరు షామీర్‌పేట దాటినంక, అలియాబాద్ రాకముందు, కరీంనగర్ రోడ్డుకు జర లోపటికి ఉంటది. నాయిన చెర్వుల చేపలు పట్టేటోడు. అమ్మ కూలికి పోయేది. ఆ యాసంగిల ఒక పటేలు తన జొన్నచేనుకు పిట్టల కావలి మాకిచ్చిండు. బడికి పోకముందు, బడి ఇడ్సినంక, ఐతారం పొద్దంత అది నా పని. ఇప్పుడు గా చేను ప్లాట్లైంది, రంగు రాళ్ళు పాతిండ్రు. పాతుకోనీ, నాకేం బాధ లేదు. ఆడ నేను చేసిన లెక్కలు నా తలకాయల ఉన్నయి, వాటిని ఎవలు రిజిస్ట్రీ చేపిచ్చుకోలేరు.

నాలుగు గుంజల మీద కట్టిన మంచె, అదే నా చదువుకునే జాగ. ఒక చేతిల రాయి ఇసిరే వడిసెల, ఒక చేతిల పెన్సిలు. పాత క్యాలెండర్ల ఎనకవైపు తెల్లగుంటది గద, దాని మీద ప్రాబ్లమ్స్ చేసేదాన్ని. పిట్టలు దిగంగనే లేసి, వడిసెల తిప్పి, రాయి ఇసిరి, హో అని గట్టిగ ఒర్లి, మల్ల కూసొని ఏ లైన్ల ఆగిననో ఎతుక్కునుడు. ఒక్కో ప్రాబ్లం అయ్యేసరికి పిట్టలు మూడుసార్లు వచ్చిపోయేటియి.

నా దగ్గర గైడు లేదు. ఒక పెద్ద పిల్ల పాసై పోయినంక ఇచ్చిన పాత పుస్తకం ఉండె. దానికి అట్ట లేదు, ఎనక జవాబుల పేజీలు సుత లేవు. నేను చేసింది ఒప్పో తప్పో చూసుకునే దారే లేదు. ఇగ నాకు నేనే తేల్చుకోవాలె. ధ్వని పాఠం చదివేటప్పుడు, అవతల చేన్ల ముసలాయన పిట్టలకు డబ్బ కొడ్తుంటే చూసిన. చెయ్యి దిగుడు ముందు కనవడ్డది, సప్పుడు తర్వాత ఇనొచ్చింది. అరె, పుస్తకంల రాసింది నిజమేనే అని ఒక్కదాన్నే నవ్వుకున్న. పైకి ఇసిరిన రాళ్ళ లెక్కలైతే నాకు మస్తు ఇష్టం. రాయిని నిటారుగ పైకి ఇసిరి జల్దీ జల్దీ అంకెలు లెక్కవెట్టేదాన్ని. పోయేటప్పుడు ఎన్ని అంకెలో వచ్చేటప్పుడు దగ్గర దగ్గర అన్నే. ఒకపారి నెత్తి మీదనే పడేది, జర్రంతల తప్పిచ్చుకున్న. పడ్డా ఇడ్సిపెట్టేదాన్ని గాదు.

మా బడిల గట్ల చదువుడు ఉండకపోయేది. మా సారు మంచోడే, అబద్ధమెందుకు చెప్పాలె. రోజూ అల్వాల్ నుంచి బస్సుల నిలవడి వచ్చేటోడు. అసలుకు ఆయన చెట్లు, జీవాల పాఠాలు చెప్పే సారు. ఫిజిక్స్ సారు బదిలీ మీద పోయినంక ఆ జాగల ఎవలూ రాలే, ఆ బరువు ఈయన నెత్తినవడ్డది. అందుకే ఆయన ఒక గైడు కొనుక్కొచ్చి, అండ్ల ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద రాసేటోడు. మేము పదిసార్లు రాసుడు. 'ఎందుకు సార్' అని అడిగితే, 'ఎందుకు అనేది పరీక్షలో రాదమ్మా' అనేటోడు. పిల్లలకు అదే హాయి. నేను మాత్రం బోర్డు మీది లెక్క మల్లొకసారి చేసి చూసుకునేదాన్ని. ఎచ్చులని తిట్టేటోళ్ళు. తిట్టుకోండ్రి అనుకున్న.

ఇంట్ల ఒక షరతు నడుస్తుండె. మేడ్చల్ దిక్కు మందు గోలీలు ప్యాకింగు చేసే కంపెనీల మా గల్లీ ఆమె ఒకతి పనిచేసేది. ఇంకొక పిల్ల కావాల్నని వాళ్ళు అడుగుతున్నరని అమ్మకు చెప్పింది. మా గల్లీల పదో తరగతి తప్పి ఇంట్ల కూసున్న పిల్లలు ఆరేడుగురు ఉండిరి. అమ్మకు వాళ్ళను చూస్తేనే పరేషాన్. "ప్రీఫైనల్ల అన్ని పాసైనవా, చదువు. ఒక్కదాంట్ల తప్పినా కంపెనీకి నడువు. మధ్యల ఏడ్సుడు లేదు" అన్నది. ఏడ్సేది ఎవలు, నేనా? సరే అన్న.

పరీక్షల గా ప్రశ్న వచ్చింది. నాలుగు మార్కులది. సెకనుకు పంతొమ్మిది పాయింటు ఆరు మీటర్ల వేగంతోని నిటారుగ పైకి ఇసిరిన రాయి, మల్ల ఇసిరిన చోటికి రానీకి ఎంత సేపు పడ్తది? వేగాన్ని తొమ్మిది పాయింటు ఎనిమిదితోని భాగిస్తే రెండొస్తది. అంటే పైకి పోనీకి రెండు సెకన్లు. కిందికి రానీకి ఇంకో రెండు. నాలుగు సెకన్లు అని రాసి కింద రెండు గీతలు కొట్టిన.

పేపర్లిచ్చిన రోజు సారు ఒక్కొక్కలను పిలిచి మార్కులు చదివిండు. నాకు పదహారు. పేపరు తిప్పి తిప్పి చూసిన. కరెంటు పాఠంల నేను నిజంగనే మట్టి కొట్టుకపోయిన, అది నా తప్పే. గని రాయి లెక్కకు ఎర్ర సున్న. గది చూసేసరికి ఒళ్ళు మండి లేసి నిలవడ్డ.

"సార్, గిది కరెక్టు సార్."

"కాదమ్మా. రెండు సెకన్లు. గైడులో ఉంది, బోర్డు మీద కూడా రాయించాను. క్లాసంతా రెండే రాశారు. నువ్వొక్కదానివే నాలుగు రాశావు."

"రెండు సెకన్లల్ల పైకి పోతది సార్. మల్ల కిందికి రావద్దా? మీదనే ఉంటదా?"

పిల్లలు పకపక నవ్విండ్రు. సారు మొకం ఎర్రగయింది. "పిట్టల్ని కొట్టుకునే పిల్ల నాకు ఫిజిక్స్ చెప్తుందా? కూర్చో" అన్నడు. నేను కూసోలే. "పిట్టల్ని కొడ్తనే సార్. రోజుకు నూరు రాళ్ళు ఇసురుత. ఒక్కటి సుత మీద ఆగలే" అన్న. గంట కొట్టేదాక గట్లనే నిలవడ్డ. కాళ్ళు గుంజినయి గని కూసోలే.

గంట కొట్టినంక సారు నన్ను స్టాఫ్‌రూంకు పిలిచిండు. తిడ్తడనుకున్న. లోపట ఎవలూ లేరు. ఆయన నా పేపరు ముందట పెట్టుకొని, ఒక తెల్లకాయితం మీద ఆ లెక్క మొదటికెల్లి చేసిండు. చేసి, అద్దాలు తీసి, మల్ల పెట్టుకున్నడు. "నీదే కరెక్టు" అన్నడు మెల్లగ. అబ్బ, నాకు ఎగిరి గంతెయ్యబుద్ధైంది.

"అయితే నాలుగు మార్కులెయ్యుండ్రి సార్. ఇరవై అయితయి, పాసైత."

"నీకు వేస్తే మిగతా వాళ్ళందరికీ తీసెయ్యాలి గదమ్మా. సగం మంది పద్దెనిమిదికి, ఇరవైకి మధ్యలో ఉన్నారు. అందరూ పోతారు. తప్పు నాది, గైడుది. వాళ్ళదేముంది?" తర్వాత నా పేపరు నా దిక్కు జరిపి నీలం పెన్ను చేతికిచ్చిండు. "ఒక పని చెయ్యి. ఆ నాలుగు కొట్టేసి రెండని దిద్దు. ఎవరికీ తెలియదు. నాలుగు మార్కులు నేనేస్తాను."

పెన్ను పట్టుకొని నిలవడ్డ. అబద్ధం చెప్ప, చెయ్యి పోవాల్ననే చూసింది. ఒక్క గీత, ఒక్క అంకె, అంతే. పాసైత, కంపెనీకి పోవుడు ఉండదు, అమ్మ తిట్టదు. గని ఎండల కూసొని నా చేతులతోని తేల్చుకున్న లెక్క అది. దాన్ని నేనే కొట్టేసి, నేనే తప్పు రాసి, దానికి మార్కులు తీసుకోవాల్నా? థూ, గదేం పాసు? పెన్ను టేబుల్ మీద పెట్టిన.

"దిద్ద సార్."

"పొగరా?"

"ఏదన్న అనుకోండ్రి సార్. వాళ్ళయి తియ్యకుండ్రి. నాది దిద్ద. అంతే."

బయట నా బెంచి దోస్తు నిలవడి ఉన్నది. తలుపు సందులకెల్లి అంత ఇన్నది. నా చెయ్యి గట్టిగ పట్టుకొని "నీ కాల్మొక్త, గీ ముచ్చట పెద్ద సారు దాక తీస్కపోకే. నావి పందొమ్మిదే" అన్నది. దానికి ఇంట్ల పెండ్లి సంబంధాలు చూస్తుండిరి, తప్పితే చదువు మాన్పిస్తరు. దాని మొకం చూసినంక నాకు కోపం సుత రాలే. "పోనని చెప్పిన గద, ఏడ్వకు" అన్న.

ఇంటికి పోయి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పిన. పదహారని చెప్పిన, రాయి ముచ్చట చెప్పిన, సారు పెన్నిచ్చింది చెప్పిన, దోస్తు ఏడ్సింది చెప్పిన. అమ్మ పొయ్యి ముందట కూసొని ఇన్నది. ఇని ఇని, "నీకేమన్న పిచ్చి లేసిందే? సారే దిద్దమంటే దిద్దకుంట వస్తవా? ఒక్క గీత గీస్తే నీ సొమ్మేం పోయింది?" అని ఒక్కటి ఈపుల సరిచింది. నేను ఏడ్వలే. "తప్పు రాయ" అన్న. ఇంకొకటి సరిచింది. "కొట్టు. సంపు. నేను రాయ" అన్న. నాయిన వల బాగుజేసుకుంట "అది నీ తీరే పుట్టింది, ఇడ్సిపెట్టు" అన్నడు. అమ్మ ఆయన మీదికి లేసింది. ఆ రాత్రి మా ఇంట్ల ఎవలం సక్కగ తినలే.

తెల్లారి అమ్మ కూలికి పోలే. కంపెనీకే తీస్కపోతదనుకొని నేను బడి సంచి ముట్టుకోలే. "అది ఏసుకో" అన్నది. ఏసుకున్న. ఇద్దరం నడుసుకుంట బడికి పోయినం. సారును బతిమిలాడి దిద్దిపిస్తదేమోనని నాకు ఒక్కటే భయం. గట్లయితే నేను ఉరికిపోత అని మనసుల అనుకుంటనే ఉన్న.

సారు అమ్మను చూడంగనే లేసి నిలవడ్డడు. అమ్మ కొంగు నడుముకు దోపుకొని అడిగింది: "సారూ, నా పిల్ల రాసిన లెక్క ఒప్పా, తప్పా? గదొక్కటి చెప్పు."

సారు తల దించుకున్నడు. "ఒప్పేనమ్మా. మీరింత దూరం వచ్చారు కాబట్టి... సరే, ఎవరికీ చెప్పకండి, నాలుగు మార్కులు కలుపుతాను. దిద్దక్కర్లేదు."

నాకు ప్రాణం లేసొచ్చింది. ఇగ అయిపోయింది, గెలిచిన అనుకున్న. అమ్మ మాత్రం నా దిక్కు చూడలే.

"దానికొక్కదానికి దొంగతనంగ కలుపుతవా?"

"అందరికీ తెలిస్తే మిగతా పిల్లలు పోతారమ్మా."

"అయితే కలుపకు. గా పిల్లలు ఏం పాపం చేసిండ్రు? ఉండనీ. పదహారే ఉండనీ."

సారు నా ప్రోగ్రెస్ కార్డు తీసి టేబుల్ మీద పెట్టిండు. ఫిజిక్స్ పక్కన పదహారు, దాని కింద ఎర్ర గీత. అమ్మకు సంతకం రాదు. సిరా డబ్బల బొటనేలు అద్దుకొని, యాడ ఒత్తాలె అని అడిగి, సారు చూపిచ్చిన కాడ గట్టిగ ఒత్తింది. నేను ఇంతకు ముందు సారు ముందట ఏడ్వలే, ఇంట్ల దెబ్బలు తిని ఏడ్వలే. అప్పుడు ఏడ్సిన, ఎక్కెక్కి ఏడ్సిన. ఇగ కంపెనీకి పోవుడే అనుకున్న.

అమ్మ ఏలును కొంగుకు తుడ్సుకుంట సారుతోని అన్నది: "మార్చిల పరీక్ష రాస్తది సారూ. కంపెనోళ్ళకు నేనే చెప్త, నా పిల్ల రాదని."

నేను నమ్మలే. "నేను ఫెయిలైన గద అమ్మా" అన్న.

"ఫెయిలైనవన్న దానికే ఏలేసిన" అన్నది. "తప్పు రాసినవన్న దానికి ఎయ్యలే. పో, క్లాసుల కూసో."