చెవి మేస్త్రి ఎంచిన తెల్ల కారు

పాత కార్ల యార్డులో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. మొదట్లో వెక్కిరింతకే పెట్టారు ఆ పేరు. మనిషి బక్కపలచన, చెవులు మాత్రం చేటలంత. తర్వాత అదే బిరుదైపోయింది. నడుస్తున్న ఇంజను మీద పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. లోపల ఏ బేరింగు అరిగిందో, ఏ పిస్టన్ వదులైందో చెప్పేవాడు. విప్పి చూస్తే పొల్లు పోయేది కాదు. ఆయన చెవి పెట్టాడంటే యార్డులో గ్రైండర్లు, సుత్తులు అన్నీ ఆగిపోవాల్సిందే. ఆయన మాట చెప్పాక ఇంకొకరు చెవి పెట్టి చూడటం అక్కడ లేదు. పెడితే మేస్త్రిని నలుగురిలో చెంపదెబ్బ కొట్టినట్టే.

రేసుల పిచ్చి పట్టిన కుర్రకారు మొదటి కారు కొనాలంటే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. వాళ్లకి కావలసింది వేగం. ఆయన చూపించేది పాత చిన్న కార్లు. ఎవడైనా మొహం ముడుచుకున్నాడా, ఆయనకి తిక్క రేగేది.

"అంత పెద్ద ఇంజను ఎందుకురా నీకు? మలుపు తిరగడం రానివాడికి వేగం దేనికి, గోడ దగ్గరికి త్వరగా పోవడానికా?" అనేవాడు. "బరువు తక్కువది చూడు. సామాను వీధి చివర కొట్లో దొరికేది చూడు. చేతిలో ఉన్నదంతా కారుకే పోసేస్తే టైర్లకి ఏం పెడతావు, బ్రేకులకి ఏం పెడతావు, నీ బుర్ర కాచే హెల్మెట్‌కి ఏం పెడతావు? ఇంకో మాట విను. మొదటి కారు ఎప్పుడో ఒకప్పుడు పాడుచేస్తావు. పాడుచేసినప్పుడు ఒక్కరోజు ఏడ్చి ఊరుకునేంత ఖరీదులో ఉండాలి. రెండో రోజు కూడా ఏడుపొచ్చిందంటే నీ తాహతుకి మించి కొన్నట్టు."

అలా ఎంతమందికో కార్లు ఎంచిపెట్టిన ఆ చెవి పోయింది.

ఒక్కరోజులో పోలేదు. ముప్పై ఏళ్లు రేసు ట్రాక్ పక్కన, మూతల్లేని ఇంజన్ల మధ్య నిలబడ్డాడు. చెవుల్లో దూది పెట్టుకోమంటే, "వంటవాడు నాలుకకి గుడ్డ చుట్టుకుంటాడా?" అని ఎదురు అడిగేవాడు. ముందు ఫోను మోత పోయింది. తర్వాత పొయ్యి మీద కెటిల్ ఈల పోయింది. ఒకరోజు తన సొంత కారు బానెట్ ఎత్తి స్క్రూడ్రైవరు పెడితే, గుండె కొట్టుకోవడం తప్ప ఏమీ వినపడలేదు. డాక్టరు చెవి పరీక్ష చేసి ఒక కాగితం మీద గీత చూపించాడు. సగం దాకా తిన్నగా వచ్చి ఆ గీత అడుక్కి దిగిపోయింది. చెవికి మిషను పెట్టుకుంటే మనుషుల మాటలు కాస్త వినపడొచ్చు, ఇంజను సంగతి మాత్రం మర్చిపోండి అన్నాడు డాక్టరు. మేస్త్రి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పనిముట్ల పెట్టె అడుగున, పానాల కింద దాచేశాడు. ఆ సంగతి భార్యకి ఒక్కదానికే తెలుసని ఆయన నమ్మకం.

స్కూలు పిల్లల బట్టలు కుట్టే మనిషి ఆవిడ. కుట్టు మిషను ఆపి, ఆయన మొహానికి ఎదురుగా వచ్చి మరీ పోరేది. "పిల్లకి చెప్పండి. కారు కొనకముందే చెప్పండి."

"కొన్నాక చెప్తాలే. దాని సంబరం పాడుచెయ్యడం ఎందుకు?"

"ఎన్నిసార్లని చెప్పను? చెవిటివాడి ముందు..." అనబోయి నాలుక కరుచుకుంది. ఆ సగం మాట ఆయనకి పెదాల మీదే అర్థమైంది. ఇద్దరూ ఆ పూట అన్నాలు సరిగ్గా తినలేదు.

పిల్లంటే పంతొమ్మిదేళ్ల కూతురు, ఒక్కతే. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి పెట్టే చోటు తండ్రి షెడ్డులో బెంచీ కిందే కాబట్టి, పానాల అంకెలు ఎక్కాలకంటే ముందే వచ్చాయి ఆమెకి. మాట తక్కువ. పని చేసేటప్పుడు నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుంటుంది. ఆమెకి ఒకటే కోరిక, రేసు కారు నడపాలని. ట్రాక్ వాళ్లు ఆ ఏడు కొత్తవాళ్ల కోసం ఒక పోటీ పెట్టారు. ఇరవై నిండనివాళ్లకే ప్రవేశం. ఏడాది పొడుగునా జరిగే పందేల్లో మొదటి ముగ్గురిలో నిలబడితే మరుసటి ఏడు పెద్ద జట్టువాళ్లు తమ ఖర్చుతో కారిచ్చి నడిపిస్తారు. వచ్చే ఏడుకి ఆమెకి ఇరవై నిండిపోతాయి. అంటే ఉన్నది ఈ ఒక్క ఏడాదే. రెండేళ్లు టైర్ల కొట్టులో చేసిన కష్టానికి ఒక కారు వస్తుంది, మరొకటి రాదు.

"ఏ కారు కొంటున్నావ్?" అని యార్డులో ఎవరైనా అడిగితే, "మా నాన్న చెవి పెట్టిందే," అనేది. ఆ మాట ఎవరో ఆయనకి చేరవేశారు. విన్న రోజు ఆయన టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు.

కొనే రోజున యార్డులో రెండు కార్లు ఉన్నాయి. ఒకటి ఆకుపచ్చది, తలుపులు సొట్టలు పడి, రంగు పెచ్చులూడిన ముసలి బండి. రెండోది తెల్లది. ఒక రేసు డ్రైవరు మూడేళ్లు నడిపి, పెళ్లయ్యాక ఇంట్లో గొడవపడలేక అమ్ముకుంటున్నాడు. మేస్త్రి తెల్ల కారు కిందికి దూరి నేలరేకు తట్టి చూశాడు, తుప్పు లేదు. కారు పల్టీ కొట్టినా తల నలగకుండా లోపల కట్టే గొట్టాల పంజరాన్ని ఊపి చూశాడు, వెల్డింగు గట్టిగా ఉంది. సీటు బెల్టులు కొత్తవి. టైర్లు సమంగా అరిగాయి. కంటికి తెలిసేవన్నీ బాగున్నాయి. పైన పటారం లోన లొటారం అని శుభ్రంగా ఉన్న కార్లని చూసి ఎన్నోసార్లు నవ్వినవాడే ఆయన.

ఇక లోపలిది వినాలి. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. మేస్త్రి స్క్రూడ్రైవరు తీశాడు. చుట్టూ గ్రైండర్ల నిప్పురవ్వలు ఒక్కొక్కటే ఆగిపోవడం ఆయన చూశాడు. జలుబు చేసింది, ఇవాళ వద్దు అని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఇరవైమంది చేతులు కట్టుకుని తనవైపే చూస్తుంటే ఆ మాట గొంతు దాటలేదు. మొన ఆనించి, పిడి ఎముకకు నొక్కి, కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. దూరంగా ఎక్కడో మబ్బు ఉరిమినట్టు ఒక గుర్రుమనే మోత, అంతే. ఆయనకి భయం వేసింది. ఆ భయంలోనే, ఇంత శుభ్రంగా చూసుకున్న బండి లోపల మాత్రం చెడిపోయి ఉంటుందా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి కూతురు కారుకి అవతలివైపు, మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఖాయమా నాన్నా?"

"ఖాయం."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత జేబులోంచి కవరు తీసి డ్రైవరు చేతిలో పెట్టింది. బేరమాడలేదు. డ్రైవరు నోరు తెరిచి, మేస్త్రిని చూసి మూసుకుని, కవరులోంచి కొన్ని నోట్లు తనంతట తనే తిరిగి ఇచ్చేశాడు. తన మీద గౌరవంతో తగ్గించాడనుకుని మేస్త్రి ఆ సాయంత్రం భార్యకి గొప్పగా చెప్పుకున్నాడు.

పోటీకి ఆరు వారాలు ఉంది. మధ్యలో అక్కగారికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే మేస్త్రి రెండు రోజులు వెళ్లివచ్చాడు. వచ్చేసరికి కూతురి గోళ్లనిండా నల్లటి మసి, కళ్ల కింద నిద్రలేని గుంటలు.

"ఏం చేశావే?"

"బ్రేకులు చూసుకున్నా," అంది.

ఇంజనులో నూనె చిక్కటిది పోసింది. పది రోజులకోసారి అది మార్చింది. ఆయన బానెట్ దగ్గరికి వస్తే, "నువ్వు టైర్ల గాలి చూడు నాన్నా," అని పంపేసేది. ఇప్పటి పిల్లలకి కార్ల మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయాడు పిచ్చి మేస్త్రి.

మొదటి పందెం రోజున ఆమె పన్నెండుమందిలో ఎనిమిదో స్థానంలో నడిపింది. మలుపులు చక్కగా తిరుగుతోంది, తిన్నటి దారిలో మాత్రం అందరూ దాటుకుపోతున్నారు. ఇంజను ఇంకా లాగగలిగినప్పుడే గేరు మార్చేస్తోందని ఆయన కంటికే తెలుస్తోంది. "తొక్కవేం? తొక్కు!" అని కంచె పట్టుకుని అరిచాడు. ఏడో చుట్టులో ముందున్న రెండు కార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని పక్కకి జరిగాయి. మధ్యలో దారి దొరికింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఎంతని ఆపుకుంటుంది? మొదటిసారి పూర్తిగా తొక్కింది. రెండు కార్లనీ దాటింది. చూస్తున్నవాళ్లు చేతులెత్తారు. మరుక్షణం తెల్ల కారు కింద నుంచి నల్లటి పొగ లేచింది.

హెల్మెట్ చంకలో పెట్టుకుని గడ్డిలో నడుచుకుంటూ వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, "సారీ నాన్నా," అంది.

"ఇంజన్లన్నాక పోతాయమ్మా. ఒక్కరోజు ఏడ్చెయ్యి, అయిపోతుంది," అన్నాడు ఆయన. ఆమె ఏడవలేదు.

మర్నాడు పొద్దున ఆమె లేవకముందే ఆయన షెడ్డులో కారు కిందికి దూరాడు. ఇంజను పక్కన పిడికిలి పట్టేంత బొక్క. అడుగున నూనె నిలిచే ఛాంబరు విప్పబోతూ ఆగిపోయాడు. అంచు చుట్టూ జిగురు కొత్తది. ప్రతి బోల్టు చుట్టూ ఆ జిగురుతోనే చిన్న సున్నా చుట్టి ఉంది. అలా సున్నా చుట్టేవాళ్లు ఇద్దరే. ఒకరు తను, రెండోది తను నేర్పిన మనిషి. ఛాంబరు దించి బేరింగులు ఊడదీశాడు. నాలుగింటిలో ఒకటి కరిగి ముద్దయింది. మిగతా మూడూ కొత్తగా తళతళలాడుతున్నాయి. అవి కూర్చునే ఇరుసు, క్రాంక్ మీద గోరు తట్టుకునేంత లోతు గీతలు. ఏడు చుట్లలో పడే గీతలు కావవి, ఏళ్లనాటివి.

అప్పుడు డ్రైవరు నోట్లు వెనక్కి ఎందుకిచ్చాడో ఆయనకి అర్థమైంది. కారు కింద అలాగే పడుకుని ఉండిపోయాడు. ఎవరో కాలు కదిపితే బయటికి వచ్చాడు. కూతురు.

"ఇవి ఎప్పుడు మార్చావు?" అని బేరింగు చూపించాడు.

ఆమె చుట్టూ తిరిగి వచ్చి, ఆయన మొహానికి ఎదురుగా కూర్చుని, అప్పుడు మాట్లాడింది. "నువ్వు అత్త దగ్గరికి వెళ్లినప్పుడు."

"అంటే ఆరోజు యార్డులో..."

"వినిపించింది నాన్నా. సన్నగా, టక టకమని. మడ్‌గార్డు మీద చేతికి కూడా తెలిసింది."

"మరెందుకు కొన్నావే!"

"నువ్వు ఖాయమన్నావు. అందరూ చూస్తున్నారు." బేరింగు తీసుకుని వేళ్లతో తిప్పింది. "బేరింగులు మారిస్తే ఈ ఏడాది లాగించేస్తుందనుకున్నా. క్రాంక్ మీద గీతలు పడ్డాయని చూశాను. దాన్ని సాన పట్టించాలంటే ఇంజను దింపాలి. దింపితే నీకు తెలిసిపోతుంది."

ఎప్పుడూ ఎదురుగా వచ్చి కూర్చున్నాకే ఈ పిల్ల ఎందుకు మాట్లాడుతుందో, టీవీ మోత ఎంత పెట్టినా ఎందుకు ఏమీ అనదో, అన్నీ ఒక్కసారి ఆయన మీద పడ్డాయి.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నిరుడు కెటిల్ మాడిపోయింది చూడు, అప్పట్నుంచి."

"నాకు వినపడదమ్మా," అన్నాడు. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. "నాకేం వినపడట్లేదు."

"తెలుసు నాన్నా," అని ఆమె ఆయన చేతి మసి తన చొక్కా అంచుతో తుడిచింది. ఆయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తన పరువు కాపాడటానికి పిల్ల తన ఏడాదిని తీసి ఇచ్చేసింది. ఇంకో ఇంజనుకి ఇంట్లో దారి లేదు. మిగతా పందేలు వాళ్లు లేకుండానే జరిగిపోయాయి. తెల్ల కారు తుక్కు కింద పోయింది.

మరుసటి ఏడు, పోటీ రోజులు దగ్గర పడుతుండగా, ఒక కొత్త పిల్ల మొదటి కారు ఎంచిపెట్టమని మేస్త్రి దగ్గరికి వచ్చింది. ఆయన పెట్టె అడుగు నుంచి నాలుగు మడతల కాగితం తీసి, కూతుర్ని వెంటబెట్టుకుని యార్డుకి వెళ్లి, అందరి మధ్యా విప్పి చూపించాడు.

"నా చెవి పోయి చాలా కాలమైంది. ఆ తెల్ల కారు వినపడక ఎంచింది. మా పిల్లకి ఆరోజే తెలుసు. ఇకమీదట చెవి పెట్టేది ఇదే," అన్నాడు.

ఆయన స్క్రూడ్రైవరు కూతురి చేతికిచ్చాడు. ఆమె ఇంజను మీద మొన ఆనించి, పిడి ఎముకకు నొక్కి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకుంది. యార్డులో నిప్పురవ్వలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఇది బాగుంది, తీసుకో," అంది కళ్లు తెరిచి. "పాడైతే ఒక్కరోజు ఏడ్చి ఊరుకో."

"మీరూ నడిపేవారటగా అక్కా? మీరెన్ని రోజులు ఏడ్చారు?" అని అడిగింది కొత్త పిల్ల.

"నేను ఏడవలేదు."

ఆ మాట మేస్త్రి పెదాల మీద చదివాడు. అది నిజమే. ఇంట్లో ఆ పని ఏడాదిగా ఆయనే చేస్తున్నాడు.