యాదగిరన్న కంటి మట్టం

పంజాగుట్ట కంటి ఆసుపత్రిలో సిస్టర్ వేసిన చుక్కల చేదు మెల్లగా గొంతులోకి దిగుతోంది. కంట్లో వేసింది నాలుకకు తెలుస్తుందని నాకు మొదట చెప్పింది డాక్టరు కాదు, యాదగిరన్న.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం కోసం అమీర్‌పేటలో రెండు కోర్సులు చేశాను. ఉద్యోగం రాలేదు గాని, ఆ కోర్సుల బోర్డులు బిగించే పని దొరికింది. మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులకు కొరత లేదు. యాదగిరన్న మా మేస్త్రీ. అరవై దాటినా వాలు చూసే రసమట్టం ముట్టేవాడు కాదు. రోడ్డుకు అవతల నిలబడి ఎడమ కన్ను మూసి, "జర లేపు" అంటే నిచ్చెన మీద నేను లేపేవాణ్ణి. తర్వాత ఫోన్లో దొంగతనంగా మట్టం చూసుకుంటే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఆ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయి అప్పటికే ఆరేళ్లు.

ఒక వేసవిలో ఫోను ఒకటి, అన్న ఒకటి చెప్పడం మొదలైంది. నేను అన్న మాటే విన్నాను. పెద్దాయన చూపును తప్పుపట్టేంత చదువు నాకు లేదని వినయం. ఇరవై రోజుల్లో నాలుగు బోర్డులు ఎంతో శ్రద్ధగా వంకరగా బిగించాను. నాలుగోదాని యజమాని, గుంటూరాయన, కింద నిలబడి కాసేపు చూసి, "ఏంటండీ, మా బోర్డు కునుకు తీస్తోంది?" అన్నారు.

అన్న నావైపు చూశాడు. ఫోను తీసి చూపించాను. అప్పుడు చెప్పాడు, నెల నుంచి అక్షరాల పక్కన ఇంకో నీడ పడుతోందని, చూపులో ఏదో అంచు మెరుస్తోందని. ఎండ వల్లేమో అనుకున్నాడట.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. ఆ శుక్లం ఆపరేషన్లో లోపల పెట్టిన లెన్సు ఉండే సన్నటి సంచిని పట్టి ఉంచే పోగులు సడలి, లెన్సు పక్కకు జారిందన్నారు. ఏళ్లు గడిచాక కూడా కొందరికి అలా జరుగుతుందట. అది కంటి వెనక భాగంలో పడిపోతే వ్యవహారం ఇంకా పెద్దదయ్యేదని, నీడ కనబడ్డ రోజే రావాల్సిందని డాక్టరమ్మ మందలించింది.

బయట బెంచీ మీద అన్న అడిగాడు.

"వంకరున్నదని నీకు ఎర్కనే గద. ఎందుకు చెప్పలే?"

"మీరు పెద్దోళ్లు గదన్నా."

"పెద్దోణ్నే. మర్యాద జేసి జేసి గుడ్డోణ్ని సుత చేస్తుంటివి గద భాయ్."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అలాంటి సందర్భాలు నా జీవితంలో తక్కువ.

లెన్సును మళ్లీ దాని చోట నిలిపి కుట్టారు. చూపు కుదుటపడ్డాక ఆ నాలుగు బోర్డులూ ఇద్దరం కలిసి సరిచేశాం. ప్రతిదాని దగ్గరా రోడ్డు అవతలి నుంచి అందరికీ వినబడేట్టు అడిగేవాడు: "నా కన్ను సరే అంటున్నది. నీ ఫోన్ ఏమంటున్నది?"

ఆయన పోయి చాలా కాలమైంది. ఇందాక సిస్టర్ అక్షరాల అట్ట చూపించి, "చివరి లైను కనిపిస్తుంది కదా సార్?" అంది. నా వెనక పదిమంది ఉన్నారు, ఆమెకు తొందర. ఒకప్పుడైతే ఆమె మనసు నొప్పించడం ఎందుకని కనిపిస్తుందనే అనేవాణ్ణి.

"లేదమ్మా," అన్నాను. అట్ట కూడా కాస్త కుడికి ఒరిగిందని చెప్పాను.

ఆమె అట్ట సరిచేసి, ఈ చుక్కలు వేసింది. చేదుగానే ఉన్నాయి.