ఫోర్‌మన్ కనబడని ఫొటో

1978 వేసవిలో హిందీ ప్రాంతంలోని మా కార్ఖానా షెడ్డులో ఒక ఖలాసీ కూలీ మరమ్మతు గుంతలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎలా పడ్డాడో అతనికి గుర్తులేదు. గుంత చుట్టూ గొలుసు కట్టించడం నా బాధ్యత, ముందే కట్టించాను.

మా ఫోర్‌మన్ శ్రీకాకుళం వైపు మనిషే. విచారణకు సాక్ష్యంగా, సాక్చీ బజారు నుంచి ఫొటోగ్రాఫరును అదే రోజు రప్పించి, షెడ్డు లోపలి నుంచి తలుపు వైపుగా ఒక ఫొటో తీయించాడు. అప్పుడు గొలుసు ఉంది. అందరం చూస్తూనే ఉన్నాం. ఫొటోలో మాత్రం మండుటెండ నిండిన తలుపు, దాని పక్క గుంత ఉన్నచోట నల్లటి చీకటి. విచారణ నాటికి గుంతను ఇనుప పలకలతో మూసేశారు. అధికారులకు మిగిలింది ఆ ఫొటోయే.

"కళ్ళతో సూసేనని ఎవుడైనా సెప్తాడు బాబూ, ఫొటోలో నేదు కదా," అన్నాడు ఫోర్‌మన్, ఆ గొలుసును తానూ చూసినవాడు. నాకు రావలసిన ప్రమోషను అతని బావమరిదికి వెళ్ళింది. నా రికార్డులో 'నిర్లక్ష్యం' అన్న మాట చేరింది.

ఆ మాట తుడిపించుకోవాలని పాత కెమెరా ఒకటి కొని, కద్మాలో మా క్వార్టరు గోడల మీదే ఏడాదిపాటు సాధన చేశాను. కన్ను ఒక్కచోట నిలవదు. వెలుగుకు ముడుచుకుంటుంది, నీడకు విచ్చుకుంటుంది. ఆ ముక్కలన్నిటినీ కలిపి మనసు ఒకే దృశ్యంగా అప్పగిస్తుంది. కెమెరా ఒక్క రెప్పపాటులో వెలుగుకూ నీడకూ ఒకే కొలత వేస్తుంది. తలుపుకు సరిపోయిన కొలత గొలుసుకు చాలలేదు.

విశ్వకర్మ పూజ నాడు షెడ్డులోకి కెమెరా తేనిస్తారు. ఫోర్‌మన్ నల్లకోటు తొడుక్కుని, తలుపు పక్క నీడలో తన కుర్చీలో కూర్చుని ఫొటో తీయమన్నాడు. ఎండకు సరిపడేలా కొలత పెట్టి తీశాను. ప్రింటును కాంటీను గోడకు అతికించాను.

"ఏటోయ్, ఇందులో నానేడీ?"

"మీరు పూజకు రాలేదేమోనండీ."

మర్నాటి నుంచి వెల్డర్లు అతని ఎదుటే "సాబ్ ఛుట్టీ పర్ హై", అయ్యగారు సెలవులో ఉన్నారు, అని ఒకరికొకరు చెప్పుకునేవారు. చివరికి అతడే ఆఫీసుకు రాసిచ్చాడు: గొలుసు ఉందనీ, నీడవల్ల ఫొటోకు అందలేదనీ. నా రికార్డు శుభ్రమైంది. ప్రమోషను బావమరిది దగ్గరే ఉండిపోయింది.

ఇక గోడ మీది ఫొటో తీసెయ్యమని మెల్లగా అడిగాడు. తీయలేదు. రిటైరయ్యేదాకా అతడు కాంటీనులో అడుగుపెట్టలేదు. టీ అతని దగ్గరికే మోసుకుపోయేవారు. నాకది చాలలేదు. ఇప్పటికీ చాలదు.